పరుగు మొదలుపెట్టాక బీపీ పెరిగింది, ఇదేమి చోద్యం?

వేళచ్చేరి_వాసి
వయసు 46. చెన్నైకి వచ్చి పద్దెనిమిదేళ్లు. కిందటి ఏడాది ఆఫీసులో చేసిన వైద్య పరీక్షల్లో బీపీ 152/96 అని తేలింది. డాక్టరు టెల్మిసార్టాన్ 40 రాసి, ఉప్పు తగ్గించమని, ఒళ్లు కదిలించమని చెప్పారు. మాత్ర మొదలుపెట్టిన రెండు నెలలకు ఇంట్లో చూసుకుంటే 136/86 దగ్గర నిలిచింది. ఇంకాస్త దిగితే బాగుంటుందని మార్చిలో పరుగు పట్టుకున్నాను. మొదట ఉత్త నడక. తర్వాత రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. ఇప్పుడు ఆగకుండా ఐదు కిలోమీటర్లు, వారానికి ఐదు రోజులు. మూడు కిలోలు తగ్గాను, ప్యాంట్లన్నీ వదులయ్యాయి. రాత్రి పడుకోగానే నిద్ర పడుతోంది. అంతా బాగుంది, బీపీ ఒక్కటే బాగాలేదు. గత రెండు వారాల సగటు 144/91!
పరుగెత్తితే బీపీ తగ్గుతుందని ఊరంతా చెబుతుంటే నాకు మాత్రం ఎదురు తిరిగింది. మా ఆవిడ అయితే "మీకు ఏదీ అందరికీ జరిగినట్టు జరగదు" అని తేల్చేసింది. మానేయాలా, కొనసాగించాలా?

పాత_మదరాసు
మానేయండి. నడవండి చాలు. నాకు 68 ఏళ్లు, లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో ఇరవై రెండేళ్లుగా నడుస్తున్నాను. పరుగెత్తేవాళ్లు వస్తుంటారు, మోకాళ్లు పట్టుకుని పోతుంటారు. నేను మాత్రం రోజూ అక్కడే ఉన్నాను.

మెరీనా_పరుగు
పెద్దాయనకు ఎదురు చెప్పడం కాదు కానీ, పరుగెత్తేవాళ్ల మోకాళ్లు పోతాయన్నది పాత మాట. సరదాకు పరుగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల దాదాపు 3.5 శాతం మందికి ఉంటే, కదలకుండా కూర్చునేవాళ్లలో 10 శాతం మందికి ఉందని 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. పోటీల కోసం ఏళ్ల తరబడి పరుగెత్తేవాళ్లలో మాత్రం అది 13 శాతం దాటింది. అతి చేస్తేనే చేటు.

పాత_మదరాసు
ఆ లెక్క కట్టినవాళ్లు మా పార్కుకు రాలేదు.

కోడంబాక్కం_కోడలు
మొదట ఒక సంగతి. బీపీ ఎప్పుడు, ఎలా చూసుకుంటున్నారు? మా మామగారు మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పుతూ, నాతో మాట్లాడుతూ చూసుకునేవారు. ఎప్పుడూ 160. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, నోరు కట్టేసుకుని కూర్చోమంటే 138. నోరు కట్టుకోవడమే ఆయనకు అన్నిటికంటే కష్టమైంది.

గుండెల్లో_రైలు
కోడలుగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చేయి ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. 2024లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు పరీక్షించి చూశారు. చేయి బల్ల మీద గుండె ఎత్తులో కాకుండా ఒళ్లో పెట్టుకుంటే పై అంకె దాదాపు 4 ఎక్కువ చూపిస్తుంది, పక్కకు వేలాడేస్తే 6.5 ఎక్కువ. పట్టీ చిన్నదైనా అంతే. లావుపాటి చేతికి మామూలు పట్టీ చుడితే లేని బీపీ పుట్టుకొస్తుంది.
(నా పేరు చూసి నవ్వకండి. బీపీ 170 వచ్చిన రోజున పెట్టుకున్న పేరు ఇది. ఇప్పుడు గుండెల్లో రైళ్లు పరుగెత్తడం లేదు, నేనే పరుగెత్తుతున్నాను.)

పెరంబూర్_రేవతి
పరుగెత్తి రాగానే చూసుకుంటున్నారేమో! పరుగులో పై అంకె 180, 200 దాకా పోవడం మామూలే కదా.

గుండెల్లో_రైలు
పోతుంది. పై అంకె పెరుగుతుంది, కింది అంకె ఉన్నచోటే ఉంటుంది లేదా కాస్త దిగుతుంది. ఆగిన కొన్ని నిమిషాలకు పై అంకె కూడా దిగి, మామూలు కంటే కింద చాలా గంటలు ఉంటుంది. కొందరిలో దాదాపు రోజంతా. అందుకే వారానికోసారి పట్టుబట్టి పది కిలోమీటర్లు పరుగెత్తడం కంటే రోజు విడిచి రోజు కొంచెం పరుగెత్తడం మేలంటారు. మానేస్తే మాత్రం రెండు వారాల్లో ఎక్కడి బీపీ అక్కడికే వస్తుంది. నా అనుభవం కూడా అదే. డిసెంబరు వానల్లో ఇంట్లో కూర్చున్నాను, సంక్రాంతికి పాత అంకెలు చుట్టాల్లా వచ్చి కూర్చున్నాయి.

సహజ_జీవనం
మాత్రలే అసలు సమస్య. నాకు 150/95 ఉండేది. పరుగు మొదలుపెట్టిన నెలకే మాత్రలు చెత్తబుట్టలో పడేశాను. శరీరానికి తనను తాను బాగు చేసుకోవడం తెలుసు. మీరు కూడా ధైర్యం చేయండి.

పెరంబూర్_రేవతి
మా బావగారూ ఇలాగే ధైర్యం చేశారు. ఉదయం పరుగు, సాయంత్రం యోగా, మాత్రలు బంద్. బీపీ చూసుకోవడం కూడా మానేశారు, "నాకు బాగానే ఉంది కదా" అని. ఎనిమిది నెలల తర్వాత కళ్లజోడు మార్చుకుందామని వెళితే కంటి డాక్టరు లోపల రెటీనా చూసి, కుర్చీలోంచి లేవనివ్వకుండా బీపీ చూపించారు. 198/116. తలనొప్పి కూడా లేదు ఆయనకు.

సహజ_జీవనం
ఒక్కరి కథతో అందరినీ భయపెట్టకండి.

పెరంబూర్_రేవతి
మీరు ఒక్కరి కథతో అందరికీ ధైర్యం చెప్పారు కదా, అందుకని.

కోడంబాక్కం_కోడలు
😄

గుండెల్లో_రైలు
సహజ_జీవనం గారూ, కోపం తెచ్చుకోకుండా ఒక కూడికలు తీసివేతల లెక్క చూడండి. వ్యాయామంతో విశ్రాంతి బీపీ ఎంత తగ్గుతుందో 2023లో 270 పరీక్షలు కలిపి చూశారు, పదిహేను వేల పైచిలుకు మంది. పరుగు, సైకిలు, ఈత లాంటి వాటితో సగటున పై అంకె 4.5, కింది అంకె 2.5 తగ్గింది. బీపీ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ తగ్గవచ్చు. ఇది చిన్న విషయం కాదు. కానీ 150లోంచి 5 తీసేస్తే 145. మీకు మాత్ర అవసరం లేనంతగా తగ్గితే అది మీ అదృష్టం, బరువు కూడా బాగా తగ్గి ఉంటారు. అందరి లెక్కా అలా తేలదు. మానాలో తగ్గించాలో చెప్పాల్సింది డాక్టరు, చెత్తబుట్ట కాదు.

పాత_మదరాసు
అదే 2023 లెక్కలో నడక సంగతి ఏమన్నారో కూడా చెప్పు నాయనా.

మెరీనా_పరుగు
నడకకు అంతకంటే మంచి సాక్ష్యం ఉంది, నేనే చెబుతాను. 2013లో అమెరికాలో 33 వేల మంది పరుగువాళ్లను, దాదాపు 16 వేల మంది నడకవాళ్లను ఆరేళ్ల పాటు గమనించారు. ఖర్చు చేసిన శక్తి సమానమైతే కొత్తగా బీపీ వచ్చే ముప్పు పరుగుతో 4.2 శాతం, నడకతో 7.2 శాతం తగ్గింది. మెలిక ఏమిటంటే, ఐదు కిలోమీటర్ల పరుగు ముప్పావు గంటలోపే అయిపోతుంది. అంత శక్తి నడకలో ఖర్చు చేయాలంటే గంటన్నర దాకా కావాలి. ఉద్యోగం చేసేవాడికి అంత తీరిక ఎక్కడిది?

పాత_మదరాసు
రిటైరవ్వండి.

వేళచ్చేరి_వాసి
అందరికీ ఒకేసారి జవాబు చెబుతున్నాను.
బీపీ చూసుకునేది సాయంత్రం ఏడింటికి. కాఫీ తాగి రెండు గంటలు దాటాక. కుర్చీ, బల్ల, మౌనం అన్నీ పాటిస్తాను. రెండుసార్లు చూసి రెండో అంకె రాసుకుంటాను. పట్టీ కొలత సరిపోయింది, డాక్టరు దగ్గరి మిషనుతో పోల్చి కూడా చూశాను.
ఊరగాయ పూర్తిగా మానలేదు, వారానికి రెండుసార్లు. అప్పడాలు మానేశాను. మందు, సిగరెట్టు అలవాటు లేదు. నిద్ర ఏడు గంటలు.
మోకాళ్ల గురించి పెద్దాయన అన్నారు కాబట్టి చెబుతున్నాను, కుడి మోకాలు ఏప్రిల్ నుంచి కాస్త సతాయిస్తోంది. దానికేం ఇబ్బంది లేదు, బయలుదేరే ముందు డైక్లోఫెనాక్ ఒకటి వేసుకుంటే ఐదు కిలోమీటర్లూ తెలియకుండా అయిపోతాయి. మరీ లాగితే రాత్రి ఇంకొకటి. చెన్నై చెమట సంగతి తెలిసిందే, బనియను పిండితే చెంబుడు నీళ్లు వస్తాయి. అందుకని రాగానే ఓఆర్ఎస్ పొట్లం ఒకటి లీటరు నీళ్లలో కలిపి తాగుతాను. కాబట్టి ఆ వైపు లోటేమీ లేదు.

మందుల_షాపు_బాబాయి
ఆగండి ఆగండి ఆగండి.
ఇందాకటి నుంచి చదువుతూ కూర్చున్నాను. ఆఖరు నాలుగు వాక్యాల్లో మీ దొంగలిద్దరినీ మీరే పట్టిచ్చారు.
డైక్లోఫెనాక్ రోజూనా? మార్చి, ఏప్రిల్, మే... ఎన్ని వారాల నుంచి? ఎవరు రాశారు?

వేళచ్చేరి_వాసి
ఎవరూ రాయలేదు. ఒకసారి పంటి నొప్పికి రాసిన చీటీ ఉంది. ఏడు వారాలు అయి ఉంటుంది. ఎందుకు?

మందుల_షాపు_బాబాయి
నొప్పి మాత్రల్లో ఈ జాతివి (డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్, నాప్రాక్సెన్) చేసే పని ప్రోస్టాగ్లాండిన్లు (ఒంట్లో తయారయ్యే ఒక రకం రసాయనాలు) తయారు కాకుండా ఆపడం. మోకాలిలో ఆపితే నొప్పి తగ్గుతుంది. కానీ ఆ మాత్రకు మోకాలి అడ్రసు తెలియదు, ఒళ్లంతా తిరుగుతుంది. మూత్రపిండాల్లో అవే ప్రోస్టాగ్లాండిన్లు రక్తనాళాలను తెరిచి ఉంచి, ఉప్పునూ నీటినీ బయటికి పంపిస్తుంటాయి. అక్కడ ఆపితే ఉప్పు, నీరు లోపలే నిలిచిపోతాయి. బీపీ పెరుగుతుంది. అంతటితో అయిపోదు. మీరు వేసుకునే టెల్మిసార్టాన్ పనిని కూడా ఇది సగంలో ఆపేస్తుంది. ఒక చేత్తో బీపీ మాత్ర, ఇంకో చేత్తో దాని విరుగుడు మింగుతున్నారు.
ఇంకా భయపెట్టే మాట చెబుతాను. టెల్మిసార్టాన్, నొప్పి మాత్ర, చెమటతో ఒంట్లో నీరు తగ్గడం, ఈ మూడూ ఒకేసారి జరిగితే మూత్రపిండాలకు రక్తం సరిగా అందదు. ఎవరైనా టెల్మిసార్టాన్‌తో పాటు క్లోర్‌థాలిడోన్ లాంటి నీటి మాత్ర కూడా వాడుతుంటే మరీ ప్రమాదం. మే నెలలో, చెన్నైలో, ఏడు వారాలు! రేపే డాక్టరును కలిసి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఆపాల్సింది రెండోది.

వేళచ్చేరి_వాసి
అమ్మో.

కోడంబాక్కం_కోడలు
బాబాయిగారూ, మీలాంటివారే చీటీ అడగకుండా ఇచ్చేస్తారు కదా, ఆయన తప్పేముంది?

మందుల_షాపు_బాబాయి
అనండి, పడతాను. షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. నేను అడుగుతాను. అడిగితే పక్క కొట్టుకు వెళతారు. పక్క కొట్టువాడు అడగడు.

నెల్లూరు_నుంచి_నీలాంగరై
నేను మోకాలికి పారాసెటమాల్ వేసుకుంటాను. అది మంచిదే కదా?

మందుల_షాపు_బాబాయి
ఎప్పుడో ఒకటి అయితే ఆ జాతి కంటే నయం. రోజూ అయితే దానికీ లెక్క ఉంది. 2022లో ఎడిన్‌బరోలో బీపీ ఉన్న 110 మందికి రోజుకు 4 గ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చి చూశారు, పై అంకె 5 దగ్గర పెరిగింది. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడకు కలిపే ఫినైల్‌ఎఫ్రిన్ కూడా బీపీ ఉన్నవాళ్లకు పనికిరాదు. ఇంకొకటి, ఇక్కడ దగ్గు వస్తే అతిమధురం వేరు నమలడం ఇంటింటి అలవాటు. నెలల తరబడి నమిలితే అది పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది. పేరు మధురమే.

పాత_మదరాసు
మాత్రలెందుకు, అమృతాంజనం రాసుకోండి. నేను నడిచే పార్కు ఆ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదే ఉంది. 1893లో మొదలుపెట్టి తలనొప్పి తగ్గించారు, ఆంధ్రపత్రిక పెట్టి తలనొప్పి తెప్పించారు దొరలకు. ఆయన పార్కులో నడిస్తే మోకాలి నొప్పి దానంతట అదే పోతుంది.

మెరీనా_పరుగు
ఇందాక అక్కడే మోకాళ్లు పట్టుకుని పోతారన్నారు మీరే!

పాత_మదరాసు
పరుగెత్తినవాళ్లు. నడిచినవాళ్లు కాదు. సరిగా చదవండి.

పెరంబూర్_రేవతి
రెండో దొంగ ఎవరో బాబాయిగారు చెప్పలేదు. ఓఆర్ఎస్సేనా?

మందుల_షాపు_బాబాయి
అవును. పొట్లం వెనక చదవండి. లీటరుకు కలిపే పొట్లంలో 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5 గ్రాములు. ఇంట్లో అప్పడం మానేసి, పొద్దున్నే ఆరున్నరకల్లా సగం కోటా గ్లాసులో కలుపుకుని తాగేస్తున్నారు ఆయన. అది విరేచనాలు అయినవాళ్ల కోసం తయారుచేసింది.

మెరీనా_పరుగు
ఇక్కడ నేను బాబాయిగారితో కొంచెం విభేదిస్తాను. ఈ ఊళ్లో ఉప్పు అక్కర్లేదనడం ప్రమాదం. నేను కిందటి జనవరిలో మారథాన్ పరుగెత్తాను. మూడు గంటలు దాటాక ఉత్త నీళ్లు మాత్రమే తాగుతూ పోయిన మా స్నేహితుడికి సోడియం పడిపోయి, తానెక్కడ ఉన్నాడో తనకే తెలియలేదు. లైట్ హౌస్ చూపించి "ఇది ఏ ఊరు?" అన్నాడు.

మందుల_షాపు_బాబాయి
మీ మిత్రుడు 42 కిలోమీటర్లు. ఈయన ఐదు. ముప్పై ఐదు, నలభై నిమిషాల పరుగుకు మంచినీళ్లు, ఇంటికొచ్చాక ఇడ్లీ సాంబారు చాలు. సాంబారులో ఉన్న ఉప్పు మీకు తెలుసు.

మెరీనా_పరుగు
గంటన్నర దాటిన పరుగుకు మాత్రమే నా మాట. అంతకు తక్కువైతే మీ మాటే ఒప్పుకుంటున్నాను.

నెల్లూరు_నుంచి_నీలాంగరై
అయితే బీపీ ఉన్నవాళ్లు ఎంత వేగంగా పరుగెత్తాలి? నా వాచీ రోజూ ఎర్రగా అరుస్తుంది, గుండె 165 అని. ఆపేయాలా? వయసు 41, మాత్ర ఆమ్లోడిపిన్.

గుండెల్లో_రైలు
వాచీని నమ్ముకుంటే నా సంగతి ఏమైందో వినండి. నాకు మెటోప్రొలాల్ రాశారు. అది గుండె వేగాన్ని కట్టేస్తుంది. ఎంత ఆయాసపడినా వాచీలో 118 దాటదు. "ఇంకా వేగంగా వెళ్లవచ్చు" అని వాచీ, "చచ్చిపోతున్నాను" అని నేను. ఆ వాచీ మాట విని ఒకరోజు బెసంట్ నగర్ బీచ్‌లో ష్మిత్ స్మారకం మెట్ల మీద కూలబడ్డాను. సుండల్ అమ్మే అవ్వ నీళ్లిచ్చి, "ఎవరు తరుముతున్నారు నాయనా?" అని తమిళంలో అడిగింది.
అప్పటి నుంచి వాచీ చూడను. మాట పరీక్ష పెట్టుకున్నాను. పరుగెత్తుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది సరైన వేగం. పాట కూడా వస్తుంటే ఇంకాస్త కదలాలి, మాట కూడా రాకపోతే తగ్గాలి. నేను సుమతీ శతకం పద్యం చదువుతాను. నాలుగో పాదం "సుమతీ" అనేలోపు రెండుసార్లు ఊపిరి తీసుకుంటే బాగున్నట్టు.
మీది ఆమ్లోడిపిన్ కాబట్టి గుండె వేగం మీద పెద్దగా పట్టు ఉండదు. కానీ ఇక్కడి ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె పది పదిహేను ఎక్కువ కొట్టుకుంటుంది. నెమ్మదించండి. సాయంత్రానికి చీలమండలు వాస్తే అది పరుగు వల్ల అనుకోకండి, ఆమ్లోడిపిన్ వల్ల కూడా కావచ్చు.

కోడంబాక్కం_కోడలు
పరుగు ఆపగానే కూర్చోకూడదని మాకు చెప్పారు, నిజమా? మా వీధి నాయర్ కొట్టు ముందు ఒకాయన ఆగీ ఆగగానే టీ గ్లాసుతో సహా పడిపోయాడు.

గుండెల్లో_రైలు
నిజం. కాళ్లలో రక్తనాళాలు బాగా తెరుచుకుని ఉంటాయి, ఆపగానే రక్తం కిందే నిలిచిపోతుంది. దానికి తోడు బీపీ మాత్ర. ఐదు పది నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపాలి.

పెరంబూర్_రేవతి
మీరందరూ బీచ్, పార్కు అంటున్నారు. మా పెరంబూర్‌లో తెల్లవారుజామున ఐదింటికి ఆడవాళ్లు రోడ్డు మీద పరుగెత్తాలంటే ముందు కుక్కలతో ఒప్పందం చేసుకోవాలి. ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుదామంటే రెండడుగులకో ట్రాన్స్‌ఫార్మరు, మూడడుగులకో ఇడ్లీ బండి. నేను మా అపార్టుమెంటు చుట్టూనే తిరుగుతాను. ఒక రౌండు 140 మీటర్లు, మూడు కిలోమీటర్లకు దాదాపు ఇరవై రెండు రౌండ్లు. వాచ్‌మన్ తాత సుద్దముక్కతో గోడ మీద గీతలు పెడతాడు. ఒకరోజు నేను పందొమ్మిదికే ఆగిపోతే ఇంకా మూడు బాకీ అని మరునాటి లెక్కలో కలిపాడు. ప్రసవం అయ్యాక 142 ఉండేది, ఇప్పుడు 124. నా మాత్ర డాక్టరమ్మే ఆపారు, నేను కాదు. (సహజ_జీవనం గారు గమనించగలరు.)

సహజ_జీవనం
గమనించాను. నేను కూడా నిన్న మిషను కొన్నాను. 146/92 వచ్చింది. డాక్టరు దగ్గర శనివారానికి పేరు రాయించాను. ఇంక ఏమీ అనకండి.

పెరంబూర్_రేవతి
అనను. మంచి పని చేశారు.

మెరీనా_పరుగు
కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక హద్దు ఎవరూ రాయలేదు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడే 180/110 దగ్గర ఉంటే ఆరోజు బూట్లు విప్పేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అంత లేకపోయినా, అదుపులోకి రాకముందు వేగం పరుగులు వద్దు, నడకతో మొదలుపెట్టాలి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, వింత ఆయాసం వస్తే గెలుపోటముల ఆలోచన పెట్టుకోకుండా ఆగిపోవాలి. నలభై దాటి, షుగరు గానీ ఇంట్లో గుండెజబ్బు గానీ ఉంటే ముందే పరీక్ష చేయించుకోవడం మంచిది.

నెల్లూరు_నుంచి_నీలాంగరై
ఇంతకూ ఆ 2023 లెక్కలో అన్నిటికంటే బాగా పనిచేసిన వ్యాయామం ఏది? పరుగేనా?

గుండెల్లో_రైలు
ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నాను. కింది అంకెను తగ్గించడంలో పరుగుదే మొదటి స్థానం. పై అంకెను తగ్గించడంలో మొదటిది ఏమిటో తెలుసా? గోడకుర్చీ!

కోడంబాక్కం_కోడలు
బడిలో వేయించేదా?!

గుండెల్లో_రైలు
అదే. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం. కదలకుండా కండరాన్ని బిగించి ఉంచే వ్యాయామాల్లో పై అంకె సగటున 8 దాకా తగ్గింది. రెండేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో విరామం, వారానికి మూడు రోజులు. ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే బీపీ అప్పటికప్పుడు ఎగబాకుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు అడగకుండా చేయకూడదు.

పాత_మదరాసు
మా లెక్కల మాస్టారు నా చేత ఐదో తరగతి అంతా వేయించారు. నా బీపీ ఇప్పటికీ 128. ఇన్నాళ్లూ నడక వల్ల అనుకున్నాను.

వేళచ్చేరి_వాసి
ఐదు వారాల తర్వాత వస్తున్నాను, మరిచిపోయాననుకోకండి.
మరునాడే డాక్టరు దగ్గరికి వెళ్లాను. డైక్లోఫెనాక్ అనగానే కలం కింద పెట్టి నా వైపు చూశారు. బాబాయిగారు చెప్పినవే, కాకపోతే ఇంకొంచెం గట్టిగా చెప్పారు. క్రియాటినిన్ 1.4 వచ్చింది. అంతకు ముందు ఏడాది 1.0. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నొప్పి మాత్ర, ఓఆర్ఎస్ రెండూ ఆపేశాను. పది రోజులు పరుగు లేదు. మూడు వారాలకు మళ్లీ చూస్తే 1.1. హమ్మయ్య అనుకున్నాను.
మోకాలి కోసం ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళితే నా బూట్లు తిరగేసి చూసి నవ్వింది. మడమ బయటివైపు అరిగి నున్నగా అయిపోయింది. అడుగు చిన్నది చేయమంది, తొడ కండరాలకు మూడు వ్యాయామాలు ఇచ్చింది. నొప్పి వచ్చిన రోజు పరుగు లేదు, ఆ నొప్పి తెలియాలంటే మాత్ర వేసుకోకూడదు అంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. నొప్పిని ఆపేసి దాని మీద పరుగెత్తాను.
ఇప్పుడు వారానికి నాలుగు రోజులు, నాలుగు కిలోమీటర్లు. వేళచ్చేరి చెరువు పక్క గతుకుల రోడ్డు మానేసి సమంగా ఉన్న దారి వెతుక్కున్నాను. టెల్మిసార్టాన్ అలాగే ఉంది, డాక్టరు మార్చలేదు. గత పది రోజుల సగటు 131/83.

మందుల_షాపు_బాబాయి
శభాష్. 1.1 అని చదివాక టీ తాగాను.

పాత_మదరాసు
ఆ పది రోజులు ఏం చేశారు? నడిచారా?

వేళచ్చేరి_వాసి
నడిచానండీ. మీ పార్కుకే వచ్చాను ఒక ఆదివారం. తెల్ల టోపీ పెట్టుకున్నవారు ఎనిమిది మంది కనిపించారు, మీరెవరో తెలియలేదు.

పాత_మదరాసు
అందరికంటే ముందు నడిచేవాణ్ణి నేనే.

కోడంబాక్కం_కోడలు
గోడకుర్చీ మొదలుపెట్టారా మరి?

వేళచ్చేరి_వాసి
డాక్టరును అడిగి మొదలుపెట్టాను. మొదటిరోజు నలభై సెకన్లకే తొడలు వణికి జారిపోయాను, ఇప్పుడు నిమిషం మీద ఇరవై. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. ఎక్కాలు రాలేదని దాని చేత ఒకప్పుడు నేను వేయించినవి ఉన్నాయి. నిన్న నిమిషం కాగానే లేవబోతే, "ఏడో ఎక్కం అప్పజెప్పి లే నాన్నా" అంది.